ప్రేమలతమ్మ పట్టిన ప్లాంక్

వరంగల్ పిన్నవారి వీధిలో ఒక స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దాని వెనక ఇంట్లో ప్రేమలతమ్మ ఉంటుంది. మేడ మీది గది నాకు అద్దెకిచ్చారు. యూనివర్సిటీలో ఎమ్మే అయిపోయినా, నెట్ పరీక్ష వంకతో నేను ఆ గది ఖాళీ చెయ్యలేదు. కింద ఆమె గొంతు కన్నా ఆమెను పిలిచే గొంతులే నాకు బాగా అలవాటు. దుకాణంలోంచి భర్త వెంకటేశ్వర్లు చాయ్ అడుగుతాడు. కొడుకు రాంప్రసాద్ చార్జర్ కనపడలేదంటాడు. మంచం మీద నుంచి అత్తగారు వీపు గోకమంటుంది. అన్నిటికీ ఆమె జవాబు ఒకటే: “ఆ, వస్తాన్న.”

యాభై దాటాక ఆమెకు నడుము పట్టేసింది. దవాఖానలో ఎక్సర్‌సైజులు నేర్పే అమ్మాయి, ఇంట్లో చేసుకోమని నాలుగైదు చెప్పింది. వాటిలో ఒకటి ప్లాంక్. బోర్లా పడుకుని, మోచేతులూ కాలి వేళ్ళూ మాత్రమే నేల మీద ఆనించి, ఒంటిని పలకలాగా నిలబెట్టాలి. మొదట్లో పది అంకెలు లెక్కపెట్టేలోపే కూలబడేది. నడిమి గది తలుపు దగ్గరకు వేసుకుని, చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్యకు దోపుకుని, మళ్ళీ లేచేది.

ఒకరోజు భర్త పిలిచినా పలకలేదు. ఆయన తలుపు తోసి చూశాడు. భార్య వణుకుతూ గాలిలో నిలబడినట్టు ఉంది. ఇదేదో డాక్టరు చెప్పిన పని అనుకుని, చప్పుడు చెయ్యకుండా తలుపు మూసి వెళ్ళిపోయాడు.

ఆ సంగతి ఆమె మేడ మీద మిరపకాయలు ఆరబోస్తూ నాకు చెప్పింది.

“పండుకుంటే లేపుతరు బిడ్డా. దేవుని దగ్గర కూసున్నా వచ్చి అగ్గిపెట్టె అడుగుతరు. గిట్లుంటే మాత్రం ఎవ్వరు పనిచెప్పరు.”

“చేతులు నొప్పి పుట్టవా?”

“పుడుతయ్. లేస్తే పని గదా మరి. నొప్పే నయం.”

అలా ఆమె ప్లాంక్ పెరిగింది. బలం కోసం పెంచలేదు, లేవబుద్ధి కాక పెంచింది. ఏడాది తిరిగేసరికి ముప్పావుగంట, ఆ తర్వాత గంట. ఆ గంటసేపు ఆమెకు నేల తప్ప ఏమీ కనపడదు, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. రోజు మొత్తంలో ఆమె సొంతం ఆ గంటే.

అది సాయికిరణ్ కంట పడింది. వెంకటేశ్వర్లుగారి చెల్లెలి కొడుకు, మడికొండలో జిమ్ నడుపుతాడు. ఐటీ పిల్లలందరికీ అతనే కోచ్. ఒక ఆదివారం అన్నానికి వచ్చి, అత్త ఎక్కడని తలుపు తోశాడు. చూశాడు. ఫోన్ తీసి టైమర్ పెట్టాడు. ఆమె లేచేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు.

“అత్తా! నువ్వు మనిషివా, బల్లవా? మా జిమ్ముల దున్నపోతుల లెక్కున్న పోరగాళ్ళు ఐదు నిమిషాలకే అమ్మా అంటరు!”

“గట్టిగ అరవకురా. అత్తమ్మ పండుకున్నది.”

“పండుకోనీయ్. కెనడల ఒకామె ఉన్నది, ఎరికేనా? నీకన్న పెద్దది, బడిల వైస్ ప్రిన్సిపల్ చేసి రిటైరైంది. నాలుగున్నర గంటలు పట్టింది ప్లాంక్. వరల్డ్ రికార్డ్!”

“నాలుగున్నర గంటలా?” ప్రేమలతమ్మ మోచేతులు రుద్దుకుంటూ ఆగింది. “పాపం, ఆమెకెంత మంది ఉన్నరో ఇంట్ల.”

అతను పకపకా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

కెనడా ఆమెను అందుకోవడం కష్టమని సాయికిరణ్‌కు తెలుసు. అందుకే రికార్డులు నమోదు చేసే ఒక సంస్థ వాళ్ళతో మాట్లాడి కొత్త విభాగం ఒకటి పెట్టించాడు. చీరకట్టులో, యాభై దాటిన గృహిణి, గంటన్నర. అంతవరకూ ఎవరూ ప్రయత్నించలేదు కనక ఆ గంటన్నర పట్టి లేస్తే చాలు, రికార్డే.

ఆ రోజు నుంచి నడిమి గది తలుపు తెరిచే ఉంది. ఎదురుగా స్టాండు మీద ఫోను. కోడలి ఘనత కనపడాలని అత్తగారి మంచం గుమ్మం దగ్గరికి జరిపారు. దుకాణానికి వచ్చిన గిరాకీని కూడా వెంకటేశ్వర్లుగారు లోపలికి తీసుకొచ్చి చూపించేవారు. బంధువులు వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు. కొన్నాళ్ళకు అందరికీ అలవాటైపోయింది.

“వదినా, నువ్వట్లనే ఉండు గని, పప్పు డబ్బ యాడ పెట్టినవ్?”

“పై అరల, చింతపండు ఎనక,” అనేది ఆమె నేలకేసి చూస్తూ.

“అమ్మా, లేవకు. నా నీలంరంగు అంగీ ఉతికినవా?”

ఆ గంట కూడా పోయింది. ఒకరోజు సాయికిరణ్‌ను పక్కకు పిలిచి అడిగింది. నేను నీళ్ళ బాటిల్ నింపుకుంటున్నాను.

“ఇది ఒక్కటి కొడితే అయిపోతది గదరా?”

“అయిపాయె అత్తా, ఫికర్ చెయ్యకు. ఒక్కసారి కొట్టు. తర్వాత నీ తలుపు నీది, నిన్ను ఎవ్వరన్న అడిగితే నన్నడుగు.”

ఆ మాట పట్టుకునే ఆమె గంటన్నరకు సిద్ధమైంది. షీల్డు కోసం కాదు, తలుపు మళ్ళీ మూసుకోవడానికి.

రికార్డు రోజు వీధి చివరి ఫంక్షన్ హాల్లో బ్యానర్ కట్టారు. బంధువు కాని, చదువుకున్న సాక్షి ఒకరు కావాలన్నారు. ఆ ఇంట్లో అలాంటిదాన్ని నేనొక్కదాన్నే. తప్పించుకోలేక వెళ్ళి ముందు కుర్చీలో కూర్చున్నాను. సంస్థ తరఫున ఇద్దరు ఆడవాళ్ళు వాచీలతో వచ్చారు. వెనక గదిలో వంటవాళ్ళు పులిహోర కలుపుతున్నారు.

మొదలుపెట్టే ముందు సాయికిరణ్ మైకులో ఉపన్యాసమిచ్చాడు. పోల్‌వాల్ట్‌లో కర్ర పట్టుకుని ఎగిరే స్వీడన్ కుర్రవాడి గురించి చెప్పాడు. “ఆయన రికార్డ్ ఆయనే కొడుతడు, ఒక్కో సెంటీమీటర్ పెంచుకుంట పోతాండు! మా అత్త గూడ గంతే. ఇయ్యాల గంటన్నర, దసరాకు రెండు గంటలు!” అన్నాడు. చప్పట్లు మోగాయి.

చాపలో మోకాళ్ళ మీద కూర్చున్న ప్రేమలతమ్మ నావైపు చూసింది.

“అంటే, ఇది ఒడుస్తలేదు, అయిపోయేది గాదన్నట్టు,” అంది నాకు మాత్రమే వినపడేలా. తర్వాత మోచేతులు ఆనించి లేచింది.

గంటా ఇరవై నిమిషాలు గడిచాయి. ఆమె చెవుల వెనక నుంచి చెమట చాప మీద పడుతోంది. చేతులు వణకడం మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. సాయికిరణ్ నేల మీద పడుకుని ఆమె ముఖంలో ముఖం పెట్టి “జర ఓపిక పట్టు అత్తా, జర” అంటున్నాడు. భర్త లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

అప్పుడు వెంకటయ్యగారు వచ్చారు. వెంకటేశ్వర్లుగారి అన్న, ప్రేమలతమ్మకు బావగారు, ఆ కుటుంబానికి పెద్ద. ఆయన ఎదుట ఆమె కూర్చోగా నేను చూడలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదట. చెప్పాల్సింది ఏమైనా ఉంటే తలుపు చాటు నుంచి భర్తతో అనేది, ఆయన అన్నకు చెప్పేవాడు. శాలువా కప్పాలని పరకాల నుంచి బస్సులో వచ్చారాయన. తమ్ముడు ఖాళీ కుర్చీ చూపిస్తే, ఆమె వెనక నుంచి నడిచారు. చూపు ఆనదు. పంచె అంచు చాపకు తగిలి తూలారు. ఆమె పాదం ఆయన పిక్కకు తగిలింది.

ఆమె తల వంచే ఉంది. కాళ్ళ సందులోంచి పంచె, కిర్రు చెప్పులు కనపడి ఉంటాయి. పెద్దవాళ్ళకు కాలు తగిలితే మనం ఏం చేస్తామో అదే చేసింది. మోకాళ్ళ మీదికి దిగింది, వెనక్కి తిరిగింది, కుడి చేత్తో ఆయన పాదాలు తాకి కళ్ళకు అద్దుకుంది.

“అత్తా!” అని సాయికిరణ్ పెట్టిన కేకకు వంటవాళ్ళు కూడా బయటికి వచ్చారు.

వాచీలు ఆగాయి. ఇంకా కొద్ది నిమిషాలే మిగిలి ఉన్నాయి. ప్రేమలతమ్మ తన చెయ్యి వంకే చూస్తూ కూర్చుంది. తానేం చేసిందో అప్పటికి ఆమెకు తెలిసింది.

“మొక్కుడు తర్వాత మొక్కరాదా అత్తా? కాళ్ళెటు పోతయ్?”

“చెయ్యి దానంతట అదే పోయింది రా,” అంది.

“సరే తీయ్. వచ్చే నెలల మళ్ళ పెడుదాం. బ్యానర్ మీద తారీఖు మార్పిస్త.”

ఆమె కళ్ళు మూసుకుంది. ఏడ్వలేదు. ఏడ్చే ఓపిక కూడా లేనట్టుంది.

వెంకటయ్యగారు శాలువా కవరు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డారు. తన వల్లే పాడైందని ఆయనకు అర్థమైంది. ఆ సిగ్గు కోపంగా బయటికి వచ్చింది.

“వచ్చే నెల లేదు, ఏం లేదు. ఇంటి కోడలు పదిమంది ముంగట బోర్ల పడుడేందిరా, చెమటలు గారంగ? బందు పెట్టుండ్రి. ఇంట్ల గూడ వద్దు. చాప చుట్టి అటక మీదెయ్యుండ్రి.”

వెంకటేశ్వర్లుగారు తల ఊపారు. ఆ ఇంట్లో ఆ మాట మీద మాట లేదు.

ప్రేమలతమ్మ లేచింది. కుర్చీ అంచు పట్టుకుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. చాటుకు తలుపేదీ లేదు అక్కడ.

“బావగారూ,” అంది.

వెంకటేశ్వర్లుగారు అన్న వంక కాకుండా భార్య వంక చూశారు.

“రికార్డు నాకొద్దు. వచ్చే నెలకొద్దు, దసరాకొద్దు. గని పొద్దుగాల ఒక గంట నేను తలుపేసుకుంట. పండుకుంటనో, ప్లాంక్ పట్టుకుంటనో, నా ఇష్టం. ఎవ్వరు పిలువద్దు. గా మాట మీరు చెప్పాలె.”

ఆమె గొంతులో కోపం లేదు. బస్సు ఎంతకీ రాకపోతే పక్కవాళ్ళను అడిగే గొంతది. వెంకటయ్యగారు ఎర్రగా కందిన ఆమె మోచేతులు చూశారు. తర్వాత అలవాటుగా తమ్ముడి వైపు తిరిగారు.

“ఏస్కోమను. ఎవడన్న పిలిస్తే నాకు ఫోన్ చెయ్యమను.”

“సరే అన్నా.”

శాలువా ఎవరికి కప్పాలో తెలియక ఆయన దాన్ని కుర్చీ మీద పెట్టారు. సాయికిరణ్ బ్యానర్ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. వాచీల ఆడవాళ్ళు మొహమాటంగా చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. పులిహోర చల్లారుతోందని ఎవరో అన్నారు. విస్తర్లు వేశారు. వడ్డించేవాళ్ళు తక్కువయ్యారు.

ప్రేమలతమ్మ చెప్పకుండానే గరిటె అందుకుంది. మొదటి విస్తరి బావగారిది. చెయ్యి పట్టు తప్పి పులిహోర సగం విస్తరిలో, సగం నేల మీద పడింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూసి అన్నారు.

“చాలమ్మా. పోయి కూసో.”

ఆమె తల ఊపింది. కానీ వెనక ఇంకా రెండు వరుసలు విస్తర్లు ఖాళీగా ఉన్నాయి. గరిటె ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి ఒకసారి విదిలించి, పక్క విస్తరికి జరిగింది.