నాయన కాలూ, మా ఇంటి సంగటీ

రక్తంలో చక్కెర పెరిగిందనీ, ఇకమీదట అన్నం తగ్గించి రోజూ నడవాలనీ మొన్న డాక్టరమ్మ చెప్పినప్పుడు బుద్ధిగా తల ఊపాను గానీ, ఇంటికొచ్చేదాకా ధర్మవరంలో మగ్గం గుంత అంచున కూర్చొని, కట్టు కట్టిన కాలి వైపు దిగులుగా చూస్తుండే మా నాయనే నా కళ్లముందు మెదులుతూ ఉన్నాడు.

అవి యాభైల చివరి ఏళ్లు. నాయన పట్టుచీరలు నేసేవాడు. పొద్దున గుంతలో దిగితే పొద్దు గూకేదాకా అక్కడే కూర్చోవడం. చేతులకెంత పనో, మగ్గం కింద తొక్కే కాళ్లకూ అంతే పని. మా సీమలో అప్పట్లో రోజూ వరన్నం వండే ఇల్లంటే కలిగిన ఇల్లని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడంతా రాగి సంగటి మీదే బతికిన నాయనకు, తన కష్టంతో మూడు పూటలా వరన్నం తినడం ఎంతో గొప్పగా ఉండేది.

కాలి బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ మానకుండా నల్లబడుతుంటే, అమ్మా నేనూ ఆయన్ను రైలెక్కించి హిందూపురం తీసుకుపోయాం. చక్కెర జబ్బని తేల్చిన డాక్టరు ఆ వేలు తీసేసి, పుండు మానాక తిండి మార్చి రోజూ నడవకపోతే ఈసారి కాలే పోతుందన్నాడు. కాలు పోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే మేము లేము. నాయన చేతులు జోడించి, ఇక బియ్యం, బెల్లం ముట్టనని ఒట్టు పెట్టాడు. తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు, హిందూపురం మండీ దగ్గర ఎప్పుడు కొన్నాడో, తువ్వాలు కొంగున కట్టుకున్న బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. అమ్మ చూసింది. కిటికీ వైపు తిరిగి ధర్మవరం వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

పుండు మానింది గానీ ఒట్లు నిలవలేదు. అమ్మ ఆయనకొక్కడికే సంగటి కెలికి పెడితే, పక్కన మా పళ్లాల్లో తెల్లటి అన్నం చూసి ముద్ద దిగేది కాదు. “ఇంత సంపాదిచ్చి మళ్లా సంగటే తినల్లా?” అని పళ్లెం తోసేసేవాడు. నడక సంగతి ఇంకా కష్టం. పనిలేకుండా నడిచే మనిషిని ఆ కాలంలో ఎవరు చూశారు? “ఏమప్పా, యాడికి పోతాండావు?” అని వీధిలో అడిగితే జవాబు చెప్పలేక, సిగ్గుపడి వెనక్కి వచ్చేసేవాడు. అంతలో రెండో కాలి మడమ మీద బొబ్బ లేచింది. అది చూసిన రోజు అమ్మ పొయ్యి వెలిగించలేదు.

అప్పుడు మా అవ్వ, నాయనను కన్నతల్లి, లేచి బియ్యం డబ్బా పక్కింటి వాళ్లకు ఇచ్చేసి వచ్చింది.

“ఇంగ ఈ ఇంట్లో అందరికీ సంగటే. నాకూ అదే, పిల్లోల్లకూ అదే. వాడొక్కడు ఎట్ల తింటాడు పాపం!”

తమ్ముడు అన్నం కోసం ఏడ్చాడు. మేమంతా తింటుంటే నాయన తల వంచుకొని తిన్నాడు. బొబ్బ మానాక అవ్వ ఇంటికొచ్చే పాలు కూడా మాన్పించి, ఊరి బయట తోటలో ఉండే బంధువుల ఇంటినుంచి తెచ్చే పని నాయనకు అప్పగించింది. మొదటి రోజు నాయన కదలలేదు. కాఫీ లేనిదే లేవలేని అవ్వ, ఖాళీ గ్లాసు పక్కన పెట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. “నువ్వు తెచ్చినంక తాగుతాలే నాయనా, తొందరేముండాది” అని మాత్రం అంది. మధ్యాహ్నమైనా ఆ గ్లాసు ఖాళీగానే ఉంటే చూడలేక, నాయన చెంబు తీసుకొని బయలుదేరాడు.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఎవరైనా అడిగితే, “పాలకు పోతాండా” అని తల ఎత్తుకొని చెప్పేవాడు. అవ్వ పోయిన తర్వాత కూడా, పాలకు పోకపోతే అడిగేవాళ్లు లేకపోయినా, పొద్దున్నే ఆయన చెప్పుల చప్పుడు వీధిలో వినిపించేది. చివరిదాకా రెండు కాళ్లతోనూ మగ్గం తొక్కాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి వేళకు వాళ్లు తింటారు, ఎవరికి కావలసింది వాళ్లు తెప్పించుకుంటారు. ప్రేమ లేక కాదు, తీరిక లేక. నేను నాలుగు రోజులు నడుస్తాను, ఐదో రోజు మానేస్తాను, నాకు భయం వేస్తుంది. ఆ భయాన్ని పంచుకొని, నాతో పాటు అదే తిండి తినడానికి ఇప్పుడు పక్కన ఎవరూ కూర్చోరు.