దానయ్య మావ తువ్వాలు

మా మేనమామ దానయ్య ప్రభువు సన్నిధికి చేరారని పదిహేను రోజుల క్రితం ఉదయాన్నే ఫోనులో విన్నప్పుడు నేను విశ్వసించలేదు. మరొకరికి ఫోను చేసి అడిగాను. ఏ మాటనైనా రెండోచోట విచారించనిదే నమ్మరాదని నాకు బోధించింది ఆయనే. రెండోచోటా అదే సమాధానం వచ్చింది.

నౌపడ ఉప్పుమడుల చుట్టుపక్కల ఊళ్లలో జీవితకాలం ఇళ్లకు రేకుల కప్పులు వేసిన మేస్త్రి ఆయన. ఏ ఇంటికి ఏ రంగు రేకు వేయాలో నిర్ణయించడంలో ఆయనది విలక్షణమైన పద్ధతి. దుకాణాల నుంచి నమూనా ముక్కలు తెచ్చి, ఉప్పుమడి గట్టున కర్రకు కట్టి, రోజూ ఉప్పునీళ్లు చల్లుతూ నెల్లాళ్లు ఎండకు వదిలేసేవారు. ఆపై భుజం మీది తెల్లని పొందూరు ఖద్దరు తువ్వాలుతో గట్టిగా రుద్దేవారు. తువ్వాలుకు రంగంటితే ఆ రేకు త్యాజ్యమే.

"కంపెనీ పుస్తకంలో రంగు పెళ్లిసూపులకొచ్చిన అల్లుడులాటిది అమ్మీ. నెల్లాళ్లు కాపరం సేస్తే గానీ గుణం బయటపడదు" అనేవారు.

ఆయన శంకకు మినహాయింపు లేదు. పాస్టరుగారు తన ఇంటికి ఆకుపచ్చ రేకు ఎంచుకున్నప్పుడూ మావ గట్టు మీద ముక్క కట్టారు. "అయ్యగారు అబద్ధమాడతారేటి మావా?" అని ఎవరో అడిగితే, "అయ్యగారాడరు. అయ్యగారికి సెప్పినోడు ఆడతాడు" అన్నారు.

ఈ వేసవి గాలివానకు మా అమ్మ ఇంటి పెంకులు లేచిపోయాయి. టార్పాలిను కింద కాపురం; వర్షాకాలం ముంచుకొస్తోంది. అమ్మకు నీలం రంగు మీద మనసు. మావ మాత్రం నీలం, ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, బూడిద ముక్కలు నాలుగూ గట్టున కట్టి, నెల ఆగమన్నారు. మా కుటుంబంలో తొలి పట్టభద్రురాలినన్న ధీమాతో నేను, రంగు పోదన్న కంపెనీ హామీపత్రం చదివి వినిపించాను.

"ఆ కాయితం రాసినోడి ఊర్లో ఉప్పుమడులున్నాయేటి?" అని అడిగారు.

నేను ఆ పత్రం మడిచి సంచిలో పెట్టేశాను. కానీ ఆయన ఇటుక ఎరుపును మెచ్చుకోవడం చూసి, ఆ రేకు అమ్మే దుకాణంతో ఆయనకేదో లోపాయికారీ ఒప్పందం ఉందని అనుమానించి అమ్మతో అన్నాను. అమ్మ ఆయనతో అనేసింది. ఆయన నొచ్చుకోలేదు. "నన్నే అనుమానించినావంటే సదువు ఒంటబట్టినాదే" అని నవ్వారు.

నెల నిండడానికి నాలుగు రోజులుండగా ఆయన గుండె ఆగింది.

సమాధి కార్యక్రమం ముగిశాక అత్త నాకు ఆ తువ్వాలు ఇచ్చింది. నెల నిండిన రోజున గట్టుకు వెళ్లి రుద్దాను. నీలం అంటింది. ఆకుపచ్చ అంటింది. ఆయన మెచ్చుకున్న ఇటుక ఎరుపు అన్నిటికంటే ఎక్కువ అంటింది. ఆయనే ఉంటే తన మెప్పును తానే నిర్దాక్షిణ్యంగా కొట్టివేసేవారు. అక్కడే నిలబడి నా అనుమానానికి సిగ్గుపడ్డాను. బూడిద ఒక్కటే నిలిచింది.

అమ్మ ఒప్పుకోలేదు. "అన్నియ్య రుద్దితే ఒప్పుకుందును. నువ్వు గట్టిగా రుద్దినావో నేదో" అని తానే గట్టుకు నడిచివెళ్లి, చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దింది. బూడిద రేకులే వేయించాము. ఒక్కొక్క రేకునూ రుద్ది చూశాకే పైకి ఎక్కనిచ్చాను. "మేస్త్రి పోయినా అనుమానం పోనేదు మేడమ్" అన్నాడు బండిలోంచి రేకులు దించడానికి వచ్చినవాడు.

నిన్న తొలి వాన పడింది. ఎక్కడా చుక్క కారలేదు. అయినా అమ్మ చాలాసేపు పైకే చూస్తూ కూర్చుంది.

"అన్నియ్య ఓపాలి సూసి బాగున్నాదని అనుంటే, నిద్ర పట్టేది" అంది.

లోకాన్నంతా శంకించిన ఆ మహనీయుని ఒక్క మాట మీద ఇన్ని ఇళ్లవారు ఇన్నేళ్లు నిశ్చింతగా నిద్రపోయారు. ఆ మాట చెప్పడానికి మాకిక మరొకరు లేరు.