ముప్పై ఎనిమిది ఏనుగులు

తొంభైల చివర్లో బెంగళూరులో ఇంగ్లీషు మీడియం నర్సరీ బళ్ళు వీధికి రెండు వెలిశాయి. అలాంటి ఒకదాంట్లో నేనూ వెలిశాను. పేరుకి అసిస్టెంట్ టీచర్ని. పని మాత్రం ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం, అన్నిటికీ మించి క్లాసు టీచరు మనసు నొప్పించకపోవడం. ఆవిడకు చాటుగా పటాకి మిస్ అని పేరు (ఎప్పుడు పేలుతుందో ఆవిడకే తెలీదు). మూడు నెలలయ్యాక ఆవిడ నా గురించి ఒక మంచి మాట రాస్తేనే హెడ్ మిస్ నన్ను పర్మనెంట్ చేస్తుంది. మిల్లు మూతపడి నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఇంకేముంది, ఆవిడ ఏమన్నా నేను "ఎస్ మిస్" అనేదాన్ని. ఎంత ఒద్దికైన పిల్లో అని స్టాఫ్ రూములో మెచ్చుకునేవాళ్ళు. ఒద్దికా నా బొందా, అదంతా భయం.

ఇంతలో పేరెంట్స్ డే దగ్గరపడింది, ఒక్కరోజే మిగిలింది. గోడకు అంటించే పిల్లల బొమ్మలు అసిస్టెంట్లే గీయడం మా బడి ఆనవాయితీ (ఫీజు కట్టినవాళ్ళకు పిచ్చిగీతలు చూపిస్తామా?). "ఏనుగులు గీయమ్మా. నీట్‌గా ఉండాల, కానీ పిల్లోళ్ళు గీసినట్టే ఉండాల" అంది పటాకి మిస్. మెప్పించాలనే ఆత్రంలో ముప్పై ఎనిమిదింటికీ ఒకే తొండం, ఒకే నవ్వు పెట్టి, కింద పిల్లల పేర్లు రాసేశాను.

మర్నాడు హొసకోటె నుంచి వచ్చిన చీరల వ్యాపారి ఒకాయన కూతుర్ని ఎత్తుకుని, "ఎంత చక్కగుండాదో చూడండి, మా పాప ఏనుగు!" అని మురిసిపోయాడు. ఆ పాప నా వైపు వేలు చూపిస్తూ గయ్యిమంది.

"అది నాది కాదు! నా ఏనుక్కి ఐదు కాళ్ళుండాయి. ఇది అక్క గీసింది!"

గదంతా మా వైపు తిరిగింది. హెడ్ మిస్ (ఆ ఆనవాయితీ పెట్టిందే ఆవిడ) కనుబొమలు ఎగరేసి పటాకి మిస్ వైపు చూసింది. ఆవిడ చక్కెర పాకంలా, "ఈ అమ్మాయినే అడగండి మ్యామ్" అంది. నిజం చెబితే ఉద్యోగం అక్కడే సరి. పాప చెయ్యి పట్టుకుని, "కాదు బంగారూ, నువ్వే గీసినావు. మరిచిపోయినట్టుండావు" అన్నాను.

పాప నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, దాచడం చేతకాలేదు. ముక్కు ఎగబీల్చి, తండ్రితో, "అవునప్పా, నేనే గీసినా. మరిచిపోయినా" అంది.

నెల తిరక్కుండా పర్మనెంట్ అయ్యాను. "అందరితో సర్దుకుపోయే స్వభావం" అని రాసింది పటాకి మిస్. నాన్న ఆ కాగితాన్ని వాడకట్టంతా చూపించాడు, అమ్మ పాయసం చేసింది, నేను సిగ్గులేకుండా రెండు గ్లాసులు తాగాను. ఆ మెప్పు నాదేనని ఎన్నేళ్ళు మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు ఆ గదిలో సర్దుకుపోయింది నాలుగేళ్ళ పాప ఒక్కతే.