అడగనివ్వని దారి

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అలాంటివాణ్ణి, ఊళ్లోవాళ్లని కుదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలని పూనుకున్నాను. అరవయ్యో దశకం చివరి రోజులు. శృంగవరపుకోటలో మా వాళ్ల కిరాణా కొట్టు నాకు సరిపడక, ఎక్కడో ఒరిస్సా పొలిమేరలో ఉన్న పాతపట్నం వచ్చి హైస్కూల్లో మేస్టరుగా చేరాను. అక్కడా నిలకడ లేదు. సాయంత్రం బడి వదిలితే వీధులన్నీ కొలిచి వచ్చేవాణ్ణి.

ఆ తిరుగుళ్లలో నాకు కనిపించింది ఒక్కటే. ఊళ్లో అందరికీ అందరితోనూ పని ఉంది, కూర్చుని మాట్లాడుకునే అలవాటు మాత్రం లేదు. పెద్దరైతు ఇంటి బట్టలన్నీ కుట్టేది సాయిబు. ఆ రైతు పిల్లలకి పురుళ్లు పోసింది మిషను ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన క్రైస్తవ నర్సు. ఈ ముగ్గురూ ఒక్కసారైనా ఒక బెంచీ మీద కూర్చున్న పాపాన పోలేదు. ఒకరు వాకిట్లో నిలబడితే ఒకరు అరుగు మీద ఉంటారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక క్లాసు గది ఇమ్మని హెడ్మాస్టరుగారిని అడిగాను. ఏజెన్సీలో గొడవలు మొదలై, నలుగురు కూడితే పోలీసులు ఆరా తీస్తున్న రోజులు. ఆయన తాళం చెయ్యి ఇస్తూ, "తగాదాలు, రాజకీయాలు వచ్చాయని విన్నానంటే మళ్లీ ఈ తాళం నీకు దొరకదు" అన్నారు. నేను భయంలో ఆయన్నే మించిపోయాను. ఒక కాగితం మీద నియమాలు రాసి గోడకి అంటించాను. ఎదుటివారి మతాన్ని తప్పుపట్టకూడదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. భూముల సంగతులు, సొంత గొడవలు ఎత్తకూడదు. అందర్నీ 'గారు' అనే పిలవాలి. వారానికొక విషయం కూడా నేనే నిర్ణయించేవాణ్ణి. ఒకసారి దయ, ఒకసారి దానం, ఒకసారి ఉపవాసం. ఎవరైనా గీత దాటితే డస్టరుతో బల్ల మీద ఒక్కటి వేసేవాణ్ణి. సుద్దపొడి లేచి నా మొహాన్నే పడేది.

ఇంటింటికీ తిరిగి బతిమాలితే రైతు, సాయిబు, నర్సు వచ్చారు. ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తూ పోతూ ఉండేవారు. మొదటి ఆదివారం రైతు కూర్చుంటూనే, "ఏటి సాయిబూ, మా బుడ్డోడి లాగు ఎప్పుడిస్తావు?" అన్నాడు. "ఇక్కడ సాయిబుగారు అనాలండీ" అన్నాను. రైతు నన్ను ఎగాదిగా చూసి నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు అందరూ పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా బిగుసుకుని కూర్చున్నారు. నాకు లోపల పీకుతూనే ఉంది. అయినా ఎవరూ పోట్లాడుకోలేదు కదా అని సరిపెట్టుకున్నాను.

సాయిబు అందరికంటే ముందు వచ్చేవాడు. రైతు వచ్చాక లేచి వెళ్లి ఆయన పక్కనే కూర్చునేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన ముసలి తల్లి చాన్నాళ్లుగా మంచం మీద ఉందని మాకందరికీ తెలుసు.

ఓర్పు గురించి మాట్లాడాలనుకున్న ఆదివారం రైతు కిటికీ వైపు తిరిగి చుట్ట ముట్టించుకునే హడావుడిలో ఉన్నాడు. సాయిబు గొంతు సవరించుకుని, "బాబూ, తమరి మడి పక్కనుంచి మా గోరీల దిబ్బకెళ్లే గట్టున్నాది కదా..." అని మొదలుపెట్టాడు. భూమి మాట! వెంటనే డస్టరుతో బల్ల మీద కొట్టాను.

"ఆ సంగతులు ఇక్కడొద్దు సాయిబుగారూ. ఓర్పు గురించి చెప్పండి."

ఆయన నా డస్టరు వంక చూసి, "ఓర్పంటే ఊరుకోడమేనండి" అన్నాడు. నేను ఆ మాటకి మురిసిపోయి నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత, శ్రావణమాసం ముసురులో ఆయన తల్లి పోయింది. నేను గొడుగు వేసుకుని వెనకాల నడిచాను. ఊరు దాటి పొలాల్లోకి దిగాక కానీ ఆ గట్టు సంగతి నాకు అర్థం కాలేదు. ఒకప్పుడు బండి పట్టే దారట. రైతు పాలేళ్లు ఏటా దున్నినప్పుడల్లా ఒక చాలు లోపలికి కలిపేసి, చివరికి ఒక్క మనిషి నడిచేంత మిగిల్చారు. రెండువైపులా కొత్తగా నాటిన మళ్లు, మోకాలిలోతు బురద. శవాన్ని ఉంచిన జనాజా మోసే నలుగురిలో ఇద్దరు గట్టు మీద, ఇద్దరు మడిలో. భుజాలు కలవడం లేదు. సగం దూరం వెళ్లేసరికి మడిలో నడుస్తున్న సాయిబు కాలు జారింది. జనాజా ఒక పక్క వాలిపోయి ఆ మూల బురదనీళ్లలో మునిగింది. పైన కప్పిన తెల్లగుడ్డ తడిసి ఎర్రమట్టి పట్టింది. ఆయన లేచి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, మళ్లీ భుజం పెట్టాడు.

ఆ ఆదివారం సాయిబు రాలేదు. జనాజా బురదలో పడిందని విని రైతు మండిపడుతూ వచ్చాడు.

"ఇన్ని వారాలు నా పక్కనే కూకున్నాడు కదా మేస్టారూ! ఆలంతా గోరీలకి రోడ్డు మీంచే ఎల్తన్నారనుకున్నాను. దారి కావాలని ఒక్క ముక్క సెప్తే కాదంటానేటి? నానేటి రాక్షసుణ్ణా?"

నర్సుగారు తల ఎత్తి నా వంక చూసింది. "ఆయన సెప్పబోనాడు. మేస్టారే బల్ల కొట్టీసినారు" అంది.

ఆ వారమంతా పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. సాయిబు కొట్టు ఉన్న వీధి మొదటిదాకా వెళ్లి, ధైర్యం చాలక మూడుసార్లు వెనక్కి వచ్చాను. నాలుగోసారి వెళ్లి గుమ్మంలో నిలబడి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన మిషను ఆపి స్టూలు చూపించాడు.

"మీ ఆదివారం మాటలు నాకు సగం బోధపడీవి కావండి" అన్నాడు.

"మరి ఎందుకొచ్చేవారు?"

"ఆ గట్టు కోసమేనండి. బాబుగారి వాకిట్లో నిల్సోని అడిగితే బతిమాలినట్టుంటాది. మీ బెంచీ మీద ఆయన పక్కన కూకోని అడిగితే మనిషీ మనిషీ మాటాడుకున్నట్టుంటాదని కాసుకోని ఉన్నాను. మీరు మంచోరేనండి. నానే సమయం సూసుకోలేకపోనాను."

మంచోరే అన్న ఆ మాటని నేను తట్టుకోలేకపోయాను. తిట్టినా బాగుండేది. అక్కణ్ణుంచి తిన్నగా రైతు ఇంటికి వెళ్లి, సాయిబు చెప్పిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. రైతు మర్నాడు పాలేళ్లని పిలిచి, నాటిన ఊడ్పు పీకించి, రెండువైపులా మట్టి పోయించి గట్టు వెడల్పు చేయించాడు. ఎండలో తనే దగ్గరుండి తొక్కించాడు.

గోడ మీది నియమాల కాగితం చింపేశాను. తర్వాత ఆదివారాల్లో అరుపులు, కేకలు, అలిగి లేచిపోవడాలు అన్నీ జరిగాయి. హెడ్మాస్టరుగారు రెండుసార్లు తాళం లాగేసుకున్నారు, రెండుసార్లూ కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నాను.

సాయిబు నెల తర్వాత మళ్లీ వచ్చాడు. వచ్చి ఎప్పట్లాగే రైతు పక్కన కూర్చున్నాడు. రైతు కాసేపు కండువా నలిపి, "సూసినావా సాయిబూ, దారి? ఇప్పుడు నలుగురూ బాగా నడవొచ్చు" అన్నాడు.

"సూసినాను బాబూ. బాగున్నాది. మా అమ్మకి తప్ప అందరికీ పనికొస్తాది."