గోరింటాకు పోయేదాకా

ఎదురింటి అమ్మాయి వచ్చే వారం వీసా ఇంటర్వ్యూకి హైదరాబాదు వెళ్తోంది. నిన్న ఫోన్లో నిబంధనలు చదువుతూ, వేళ్లకు గోరింటాకు ఉండకూడదట పెద్దమ్మా, ఆ రోజు ఎవరైనా పెట్టుకెళ్తారా అసలు, అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మా వదిన పోయి ఇంకా ఏడాది తిరగలేదు, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మాది బూర్గంపాడు. పెళ్లయిన మూడో ఏట భర్త పోతే అన్నయ్య ఇంటికి వచ్చేశాను. నర్సు చదువు ఉంది కాబట్టి ఖమ్మంలో కొన్నాళ్లు పనిచేశాక, విదేశంలోని ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. నెలాఖరులోగా వీసా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నేనేమో ఉన్న ఉద్యోగం అప్పటికే మానేశాను.

అప్పట్లో వీసాకి మద్రాసు వెళ్లాల్సిందే. ఆ ప్రయాణానికి ముందురోజు వదిన గోరింటాకు రుబ్బి తెచ్చింది. మొగుడు పోయినదానికి ఇదేమిటని మా మేనత్త గొణిగితే, "మంచి పనికి ఒట్టి చేతులతోని పోతదా? నువ్వు జరగు అత్తా" అని, మా వైపు అందరూ పెట్టుకున్నట్టే పది వేళ్ల కొసలూ పూర్తిగా కప్పేలా టోపీలు పెట్టింది. తెల్లవారేసరికి బాగా పండాయి. అన్నేళ్ల తర్వాత ఎర్రబడిన నా చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాను.

కాన్సులేటులో వేలిముద్రల యంత్రం ఆ వేళ్లను తీసుకోలేదు. ఎన్నిసార్లు తుడిచి పెట్టినా అంతే. కిటికీ అవతలి ఆమె మర్యాదగానే, రంగు పోయాక రమ్మని నెల చివరి వారంలో ఇంకో రోజు ఇచ్చింది. బయట ఎండలో నిలబడ్డ వదినకు చెప్తే ఆమె ముఖం పాలిపోయింది. ఖమ్మంలో రైలు దిగేదాకా నా వేళ్లనే చూస్తూ కూర్చుంది.

మర్నాటి నుంచి, అంతవరకు నన్ను గిన్నె కూడా ముట్టనివ్వని మనిషి, ఇంటి అంట్లన్నీ బూడిద, చింతపండుతో నా ముందు పడేసింది. అవి చాలక బట్టలు. విధవ ఆడపడుచుతో చాకిరీ చేయిస్తోందని వీధంతా చెప్పుకున్నారు. ఒకామె గోడ మీది నుంచి, "ఏంది పిల్లా, మీ వదిన నిన్ను గిట్ల అరుసుకుంటుందా?" అని, ఇదేనా బాగోగులు చూసుకోవడమన్నట్టు, అడగనే అడిగింది. "అవ్, అరుసుకుంటున్న. నీ ఇంట్ల అంట్లుంటే అవి గూడ పంపు," అంది వదిన. ఆ మాట పడింది గానీ, ఇదంతా నా వేళ్ల రంగు వదలడానికేనని చెప్పి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయలేదు.

రెండోసారి యంత్రం నా వేళ్లను తీసుకుంది. అధికారి పని గురించి కొంత అడిగి, తిరిగి రావడానికి ఇక్కడ ఎవరున్నారన్నాడు. భర్త, పిల్లలు అని చెప్పడానికి లేదు. మా అన్న భార్య ఉంది, బయట నిలబడింది, అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి, పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకున్నాడు. అలా ఉంచుకుంటే వీసా ఇచ్చినట్టేనని నాకు ముందే తెలుసు.

గేటు దగ్గర వదిన, బూడిదకు పగిలిన నా వేళ్లను తన చేతుల్లోకి తీసుకుని, "ఇగ మా అంట్లెవరు తోముతరే?" అని నవ్వబోయి ఏడ్చింది.

ఆ ఉద్యోగంతోనే నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. ఇప్పటి పిల్లలకు అన్నీ ముందే తెలుసు, ఒక్కరే వెళ్లి సాయంత్రానికి పని ముగించుకుని వస్తారు, అది మంచిదే. గేటు బయట వాళ్ల కోసం ఎవరూ ఎండలో నిలబడనక్కర్లేదు. నా కోసం మాత్రం రెండుసార్లూ ఒకరు నిలబడ్డారు.