రెండో వైపు చూడకముందే

అమీర్‌పేటలో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసే డాక్టర్ని నేను. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ ఆరు నెలల గుర్రప్పిల్లను పంజాగుట్ట నుంచి నడిపించుకుంటూ వచ్చాడు. పెళ్ళి బరాత్‌లకు గుర్రాలు తిప్పే మనిషి. ఆ పిల్ల మెట్లెక్కలేదు కాబట్టి పై అంతస్తులోని నా క్లినిక్ నుంచి స్కానింగ్ మెషిన్ కిందికి తెప్పించి, సెల్లార్‌లో బైకుల మధ్యే దాన్ని నిలబెట్టాను.

“పెరుగుతలేదు మేడమ్. కానీ నీళ్ళు మస్తు తాగుతది. బకెట్ ఖాళీ చేసినప్పుడల్లా శభాష్ బేటీ అంటా,” అన్నాడు మురిసిపోతూ.

ఎడమ కిడ్నీ ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. పుట్టుకతోనే అంతే. అతని మొహం చూడలేక నోరు జారాను.

“ఫికర్ చేయకు భాయ్, ఇంకోటి ఉంది కదా!”

అతను దేవుడికి షుక్రియా చెప్పుకుని పిల్ల మెడ నిమిరాడు. అప్పుడు దాన్ని తిప్పి, కుడివైపు చూశాను. అదీ అంతే.

“గిది సుత ఖరాబేనా?” అన్నాడు.

తలూపాను. మందు లేదని, అన్ని నీళ్ళు తాగేది ఆ జబ్బువల్లేనని చెప్పాను. ఆ ఐదు నిమిషాల సంతోషం అతనికి ఇచ్చిందీ నేనే, లాక్కున్నదీ నేనే. ఇప్పటికీ రెండో వైపు చూడందే ఎవరికీ ధైర్యం చెప్పను.

ఖాజా భాయ్ “నీళ్ళు పెట్టొచ్చా?” అన్నాడు.

“ఎన్ని తాగితే అన్ని పెట్టు,” అన్నాను.

వాచ్‌మన్ ఇచ్చిన బకెట్ మొత్తం తాగేసి, తడి మూతితో ఆ పిల్ల తలెత్తి ఖాజా భాయ్ వంకే చూసింది, శభాష్ కోసం. అతను ఖాళీ బకెట్ తీసి వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు.