చిగుళ్ళకు మసి, నాకు మచ్చ

ఎనభైల మొదట్లో చర్ల దగ్గరి ఓ బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. ఆ వానాకాలం జ్వరంతోపాటు చిగుళ్ళు వాచి నెత్తురు కారసాగింది. "రక్తమొస్తుంటే వేపపుల్ల పెట్టకు బిడ్డా, పొగాకు మసి రాయి" అంది ఇంటి ఓనరమ్మ. పళ్ళు తోమడం మానేసి వారం రోజులు మసే రాశాను. చిగుళ్ళ మీద బూడిదరంగు పొర కట్టి, నోరు భరించలేని కంపు కొట్టింది.

ఒకనాడు ప్రార్థన వేళ పిల్లలందరి ముందు హెడ్మాస్టర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏందమ్మా, పండ్లు తోముతలేవా? గిట్లయితే పిల్లలకేం నేర్పుతవ్?" అన్నాడు. పిల్లలు ఘొల్లున నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని క్లాసులోకి నడిచాను.

మర్నాడే బస్సెక్కి భద్రాచలం దవాఖానాకు వెళ్ళాను. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "చిగుళ్ళకు ఇన్ఫెక్షనమ్మా. నెత్తురొచ్చిందని తోముడు ఆపుతరా? ఆ మసి బంద్ చెయ్యండి" అంటూ మెల్లగా శుభ్రం చేసి, మాత్రలు రాసిచ్చింది. మెత్తటి బ్రష్షుతో తోమి, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. వారంలో నయమైంది.

బడికి వెళ్తే హెడ్మాస్టర్ తోటి టీచర్లతో, "చూసిన్రా, పిల్లల ముందు అంటేనే బుద్ధొచ్చింది" అన్నాడు! డాక్టరు చీటీ ఆయన బల్ల మీద పెట్టాను. చదవకుండానే పక్కకు నెట్టాడు.

పిల్లల ముందు అన్న మాటను పిల్లల ముందే వెనక్కి తీసుకోమని ఎందుకు నిలదీయలేదా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.